టెక్ సందేహాలు: వాచ్‌లో 21.6, రేసు 21.1... తేడా ఎక్కడిది?

ఈసారి మెయిల్స్ నిండా పరుగు గోలే. హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో ఉంటుంది కదా, ప్రాక్టీస్ ఊపులో ఉన్నవాళ్లంతా ఒకేసారి రాసినట్టున్నారు. ప్రింటర్లు, వైఫై వాళ్లు ఒక్క వారం ఓపిక పట్టండి.

హాఫ్ మారథాన్ పూర్తి చేశాను, వాచ్‌లో 21.6 కిలోమీటర్లు వచ్చింది. ఎక్కువ పరిగెత్తించారా, వాచ్ పాడైందా? (కూకట్‌పల్లి రన్నర్)

చాలావరకు రెండూ కాదండి. హాఫ్ అంటే 21.0975 కిలోమీటర్లు. పద్ధతిగా జరిగే రేసుల్లో దీన్ని జీపీఎస్‌తో కాదు, సైకిల్‌తో కొలుస్తారు. ముందు చక్రానికి జోన్స్ కౌంటర్ అనే చిన్న పరికరం బిగించి, టేపుతో కొలిచిపెట్టుకున్న దూరం మీద దాన్ని సరిచూసుకుని, మలుపుల్లో రోడ్డు అంచుకి 30 సెంటీమీటర్ల దూరంలో తొక్కుకుంటూ పోతారు, అంటే రన్నర్ వెళ్లగలిగే అతి దగ్గర దారి అన్నమాట. దూరం పొరపాటున కూడా తగ్గకూడదని పైన 0.1 శాతం, హాఫ్‌కైతే 21 మీటర్లు, కలుపుతారు.

మనం అలా పరిగెత్తం కదా. ముందు గుంపుని దాటడానికి కాసేపు ఎడమకి కాసేపు కుడికి, నీళ్ల టేబుల్ అవతల ఉందని అటు, మలుపు వస్తే బయటి అంచు పట్టుకుని... ఆ ఎక్స్‌ట్రా మీటర్లు మీరు నిజంగానే పరిగెత్తారు. మిగతాది జీపీఎస్ పుణ్యం. ఫ్లైఓవర్ కింద, మెట్రో లైన్ కింద సిగ్నల్ ఆగిపోతుంది, అద్దాల బిల్డింగుల మధ్య సిగ్నల్ గోడకి తగిలి లేటుగా వస్తుంది, వాచ్ ఏమో మీరు రోడ్డుకి అవతలి పక్కన ఉన్నారనుకుని గీత అటూ ఇటూ గీసేస్తుంది. డ్యూయల్ బ్యాండ్ ఉన్న వాచ్‌లు ఎల్1, ఎల్5 అని రెండు ఫ్రీక్వెన్సీలు పట్టుకుంటాయి కాబట్టి కొంచెం నయం, పూర్తిగా పోదు.

అసలు దెబ్బ పేస్ దగ్గర, అంటే కిలోమీటరుకి పట్టే టైమ్ దగ్గర. కిలోమీటరుకి 6 నిమిషాలు పెట్టుకుంటే హాఫ్ 2:06:35కి అయిపోవాలి. మీ వాచ్ దూరాన్ని 21.5గా లెక్కేస్తుంటే, స్క్రీన్ మీద 6:00 కనిపిస్తూనే ఉంటుంది, మీరు మాత్రం 2:09:00కి ఫినిష్ అవుతారు. అందుకే రేసు రోజు ఆటో ల్యాప్ (వాచ్ తన లెక్క ప్రకారం కిలోమీటరు కిలోమీటరుకీ టైమ్ విడగొట్టడం) ఆపేసి, రోడ్డు పక్కన కిలోమీటర్ బోర్డు కనిపించినప్పుడల్లా ల్యాప్ బటన్ మీరే నొక్కండి. ముందురోజు రాత్రి వాచ్‌ని ఫోన్‌తో ఒకసారి సింక్ చేస్తే శాటిలైట్ల తాజా సమాచారం ఎక్కుతుంది, పొద్దున స్టార్ట్ లైన్ దగ్గర సిగ్నల్ కోసం చేతులు పైకెత్తి నిలబడే పని తప్పుతుంది.

ఇంకో మాట. చిన్న చిన్న లోకల్ రేసులు కొన్ని ఇంత పద్ధతిగా కొలవరు. మీ ఒక్కరి వాచ్ ఎక్కువ చూపిస్తే వాచ్ సంగతి, పక్కనున్న పదిమందివీ 20.4 చూపిస్తే కోర్సు సంగతి, అప్పుడు నిర్వాహకుల్ని అడగండి.

మెల్లగా జాగింగ్ చేస్తున్నా వాచ్‌లో గుండె వేగం 175 అంటోంది, భయమేస్తోంది. (విజయవాడ)

మణికట్టు వాచ్ గుండెని వినదు. పచ్చ లైటు చర్మంలోకి కొట్టి, రక్తం పారే తీరు బట్టి లెక్కేస్తుంది. పరుగులో చెయ్యి ఊగుతుంటే ఆ ఊపునే నాడి అనుకుంటుంది, మన అడుగులు కూడా నిమిషానికి 160–180 మధ్యే పడతాయి కాబట్టి అంకె నమ్మదగినట్టే ఉంటుంది, అదే చిక్కు. ఇలా చూడండి: అడుగుల లెక్క, గుండె లెక్క ఒకే స్క్రీన్ మీద పెట్టుకోండి, రెండూ అతుక్కుపోయినట్టు కలిసి నడుస్తుంటే అది మీ గుండె కాదు. ఠక్కున ఆగి చూసినా తెలుస్తుంది, నిజం గుండె అంత తొందరగా 175 నుంచి 120కి దిగదు. వాచ్‌ని మణికట్టు ఎముక మీద కాకుండా రెండు వేళ్లు పైకి జరిపి కాస్త బిగించండి. అయినా దారికి రాకపోతే ఛాతీకి కట్టుకునే స్ట్రాప్ కొనండి, అది గుండె కరెంటు సిగ్నల్‌నే పట్టుకుంటుంది, కట్టుకునే ముందు లోపలి ప్యాడ్లు తడపడం మాత్రం మర్చిపోవద్దు.

అయితే మీది విజయవాడ అన్నారు. ఎండాకాలం ఉక్కలో అదే స్పీడుకి గుండె నిజంగానే ఎక్కువ కొట్టుకుంటుంది, ఒళ్లు చల్లబరచడానికి రక్తం చర్మం వైపు వెళ్లాలి కదా. అప్పుడు ఫిట్‌నెస్ పడిపోయిందని వాచ్ బాణం గుర్తు కిందికి పెడుతుంది, పట్టించుకోకండి, పక్కవాళ్లతో మాట్లాడుతూ పరిగెత్తగలిగితే అది ఈజీ పరుగే. స్ట్రాప్‌తో కూడా అంతే చూపిస్తూ, కళ్లు తిరగడమో ఛాతీ నొప్పో ఉంటే నాకు కాదు, డాక్టర్‌కి చెప్పాలి.

వాచ్ లేదు, ఫోన్‌లోనే స్ట్రావా (పరుగు రికార్డు చేసే యాప్). స్క్రీన్ ఆఫ్ అయిన కాసేపటికి రికార్డింగ్ ఆగి మ్యాప్‌లో పొడుగ్గా గీత వస్తోంది. (వరంగల్)

యాప్ తప్పు కాదు, బ్యాటరీ మిగల్చాలని ఫోనే దాన్ని నిద్రపుచ్చుతోంది. సెట్టింగ్స్‌లో ఆ యాప్ బ్యాటరీని అన్‌రిస్ట్రిక్టెడ్ చేయండి, లొకేషన్‌లో ప్రిసైజ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి, బ్యాటరీ సేవర్ ఆపండి. కావాలంటే డేటా ఆపేయండి, జీపీఎస్‌కి నెట్ అక్కర్లేదు, సిగ్నల్ మొదట దొరకడానికి మాత్రం నెట్ ఉంటే తొందరగా అవుతుంది.

తెల్లవారుజామున ఒంటరిగా పరిగెత్తుతాను, మ్యాప్‌లో మా ఇల్లు తెలిసిపోతోంది. (విశాఖ నుంచి ఒక పాఠకురాలు)

మంచి పని చేశారు అడిగి. 2018లో స్ట్రావా హీట్‌మ్యాప్ (అందరూ పరిగెత్తిన దారులన్నీ కలిపి చూపించే మ్యాప్) చూసి సైనిక స్థావరాల లోపలి దారులే కనిపెట్టేశారు, మన వీధి ఎంత. ప్రైవసీ సెట్టింగ్స్‌లో మ్యాప్ విజిబిలిటీకి వెళ్లి ఇంటి అడ్రస్ ఇస్తే ఆ చుట్టుపక్కల మొదలు, చివర దాచేస్తుంది. పోస్టులు ఫాలోవర్లకే కనిపించేలా పెట్టండి, తెలియనివాళ్లు రిక్వెస్ట్ పెడితే ఒప్పుకోకండి. పరిగెత్తేటప్పుడు ఇంట్లోవాళ్లకి వాట్సాప్ లైవ్ లొకేషన్ పంపండి, గంటకో 8 గంటలకో పెట్టుకోవచ్చు. చెవులు మూయని బోన్ కండక్షన్ ఇయర్‌ఫోన్స్ అయితే వెనక బండి చప్పుడు వినిపిస్తుంది, అసలు పాటలు లేకుండా పరిగెత్తితే ఇంకా నయం అంటాను నేను.

సర్టిఫికెట్‌లో రెండు టైములున్నాయి, ఏది నాది? (కరీంనగర్)

గన్ టైమ్ అంటే రేసు మొదలైన క్షణం నుంచి, చిప్ టైమ్ అంటే మీరు స్టార్ట్ మ్యాట్ (స్టార్ట్ లైన్ దగ్గర పరిచి ఉండే, చిప్‌ని చదివే చాప) తొక్కినప్పటి నుంచి. గుంపులో వెనక నిలబడితే తేడా నిమిషాల్లో ఉంటుంది. ఫ్రెండ్స్‌కి చిప్ టైమే చెప్పుకోండి. ఆ చిప్ చాలా రేసుల్లో బిబ్ (మీ నంబర్ రాసి ఉండే కాగితం) వెనకే అతికించి ఉంటుంది, బిబ్ మడిచి జేబులో పెట్టుకుంటే మ్యాట్ చదవకపోవచ్చు, నాలుగు పిన్నులతో ఛాతీ మీద చదునుగా పెట్టుకోండి.