వాడు నిద్రపోయాక ఏడిస్తే వాడికి తెలియదు

ప్రశ్న: మా బాబుకు మూడేళ్లు, పాపకు ఎనిమిది నెలలు. పాప పుట్టినప్పటి నుంచి ఒక్క రాత్రీ కంటినిండా నిద్ర లేదు. పగలు బాబు మొండికేస్తే గట్టిగా అరిచేస్తున్నాను. వాడు బిక్కమొహం వేస్తాడు. రాత్రి వాడు పడుకున్నాక పక్కన కూర్చుని ఏడుస్తాను. మావారేమో 'పాజిటివ్‌గా ఆలోచించు' అంటారు. నేను మంచి తల్లిని కాదేమో!

జవాబు: ఎనిమిది నెలలుగా సరైన నిద్ర లేదన్నారు. మీ కోపం సంగతి అక్కడి నుంచే మొదలుపెడదాం. నిద్ర చాలకపోతే కోపం ఆపుకునే శక్తి ఎవరికైనా తగ్గిపోతుంది. ఇక బాబు మొండితనమంటారా, ఆవేశాన్ని అదుపు చేసే మెదడు భాగం పూర్తిగా ఎదగడానికి దాదాపు 25 ఏళ్లు పడుతుంది. వాడికింకా 22 ఏళ్ల గడువుంది!

'పాజిటివ్‌గా ఆలోచించు' అనే సలహా నాకూ అంతగా నచ్చదు. ఒళ్లు హూనమై ఉన్నప్పుడు 'నేను హాయిగా ఉన్నాను' అనుకుంటే మనసు నమ్మదు. నమ్మే మాటే చెప్పుకోండి: 'ఇవాళ అరిచాను. బాగా అలసిపోయాను. ఇద్దరు పసివాళ్లతో ఎవరికైనా కష్టమే.' ఇందులో అబద్ధం లేదు, తిట్టూ లేదు. పిల్లల డాక్టరు, మనోవిశ్లేషకుడు అయిన డొనాల్డ్ విన్నికాట్ 1953లోనే పిల్లలకు కావాల్సింది లోపం లేని తల్లి కాదు, 'చాలినంత మంచి తల్లి' అన్నాడు. బిడ్డ తట్టుకోగలిగే కొద్దీ తల్లి ప్రతిదానికీ వెంటనే అందుబాటులో లేకపోవడం కూడా ఎదుగుదలలో భాగమేనని ఆయన ఉద్దేశం.

అలాగని అరుపును వదిలేయమనడం లేదు. రాత్రి మీరు పడే బాధ వాడికి చేరడం లేదు, వాడు నిద్రలో ఉంటాడు కదా. పగలే చేర్చండి. మీ కోపం దిగాక వాడి ఎత్తుకు కూర్చుని, 'అమ్మ గట్టిగా అరిచింది, నీకు భయమేసింది కదూ. తప్పు నాదే' అనండి. రెండు మాటలు చాలు, ఉపన్యాసం వద్దు. 'నువ్వు అల్లరి చేశావు కాబట్టి' అని మాత్రం తోక తగిలించకండి. అలా దగ్గరికి తీసుకుంటే, అమ్మకు కోపం వచ్చినా మళ్లీ తగ్గుతుందని వాడికి అర్థమవుతుంది. చెయ్యెత్తేంత కోపం వస్తే, పిల్లలిద్దరినీ దెబ్బ తగలని చోట ఉంచి రెండు మూడు నిమిషాలు పక్కగదిలోకి వెళ్లండి. పాప ఆ కాసేపు ఏడ్చినా ఫరవాలేదు.

ఒక్కటి తేలిగ్గా తీసుకోకండి. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ మొదటి ఏడాదిలో ఎప్పుడైనా మొదలుకావచ్చు. రెండు వారాలుగా దాదాపు రోజూ దిగులుగా ఉన్నా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా డాక్టరుకు చెప్పండి. మిమ్మల్నిగానీ పిల్లల్నిగానీ ఏమైనా చేసుకోవాలనే ఆలోచన వస్తే ఒంటరిగా ఉండకుండా ఆ రోజే వెళ్లండి. దానికి మందులూ చికిత్సా ఉన్నాయి.

మీవారి నుంచి ఇకమీదట సలహా తీసుకోవడం మాని పని అడగండి. 'కాస్త సాయం చెయ్యండి' అంటే ఎవరికీ ఏమీ తోచదు. 'రాత్రి పది నుంచి మూడు వరకు పాప బాధ్యత మీది. పాలకైతే నా దగ్గరికి తెచ్చి, తర్వాత మీరే పడుకోబెట్టాలి' అని చెప్పండి. ఈ రాత్రి నుంచే.