ఒక్క రైతు బస్తాకు ఊరూ పేరూ ఉండవు

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. నాలుగేళ్లుగా మూడెకరాల్లో మందులు లేకుండా మిర్చి, కొంత వరి పండిస్తున్నా. మార్కెట్‌కు పోతే నా మిర్చికీ, వారం వారం మందు కొట్టిన మిర్చికీ ఒకటే రేటు. నాలాంటివాళ్లం ఊళ్లో పన్నెండు మందిమి ఉన్నాం, సంఘం పెట్టుకోమంటున్నారు. ఎవడో ఒకడు చాటుగా మందు కొడితే అందరి పేరూ పోతుంది కదా అని భయం. ఇంతకుముందు పెట్టిన ఒక సంఘం డబ్బులు ఎటుపోయాయో ఇప్పటికీ తెలియదు. కలిస్తే నిజంగా లాభముంటుందా?

జవాబు: ముందు రేటు సంగతి చూద్దాం. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో రంగు, తేమ, తాలు చూసి ధర పెడతారు గానీ మందు కొట్టారా లేదా అని చూసే మార్గం అక్కడ లేదు, మీ బస్తా పక్క బస్తాతో కలిసిందంటే అది ఉత్త మిర్చే. వేరే రేటు కావాలంటే కొనేవాళ్లకు చూపించడానికి ఒక సర్టిఫికెట్ ఉండాలి. ఎగుమతికి పనికొచ్చే ఎన్‌పీఓపీ (జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం) సర్టిఫికెట్‌కు బయటి సంస్థ వచ్చి తనిఖీ చేస్తుంది, ఆ ఖర్చు మూడెకరాల రైతు ఒక్కడు మోయలేని బరువు. మన దేశంలో అమ్ముకోవడానికైతే పీజీఎస్ ఇండియా అని రైతుల గుంపులే నడుపుకునే సర్టిఫికెట్ పద్ధతి ఉంది, దానికి ఐదుగురు రైతుల గుంపు ఉంటే చాలు. మందుల సాగు నుంచి సేంద్రియానికి మారే దశలో ఉన్న పంటకు పీజీఎస్ గ్రీన్ అని, ఆ దశ దాటాక పీజీఎస్ ఆర్గానిక్ అని ఇస్తారు.

మీ భయానికి మందు కూడా ఇందులోనే ఉంది. పీజీఎస్‌లో ఒకరి చేను ఒకరు తనిఖీ చేసుకుంటారు. ఏడాదికోసారి వచ్చిపోయే ఆఫీసరు కళ్లు కప్పొచ్చేమో గానీ, రోజూ పొద్దున్నే ఆ గట్టు మీద నడిచే పక్క రైతుకు మందు వాసన తెలియకుండా ఉంటుందా? అందుకే పన్నెండు మందినీ కలుపుకుపోవాలని మొహమాటపడొద్దు. ఏడుగురి మీదే నమ్మకముంటే ఏడుగురితోనే మొదలుపెట్టండి, మిగిలినవాళ్లలో మీ బావమరిది ఉన్నా సరే.

ఒక మెలిక ఉంది. సరుకు మీ గుంపు చేతిలో ఉన్నంతవరకే పీజీఎస్ గుర్తు చెల్లుతుంది, అడ్తి వ్యాపారికి వేశారంటే ఆ గుర్తు పోయినట్టే. అంటే ఎండబెట్టడం, తాలు ఏరడం, ప్యాకింగ్, సీలు అన్నీ మీరే చూసుకోవాలి, కలిసి చేసే అసలు పని ఇదే. ఒక్కరు రెండు క్వింటాళ్లు ఆటోలో హనుమకొండకు తెస్తే కిరాయికే సరి, ఏడుగురి సరుకు ఒకే బండిలో ఎక్కితే లెక్క మారుతుంది. పొలానికి పోసే జీవామృతం తయారీ కూడా అంతే. ఎకరానికి 200 లీటర్ల నీళ్లలో పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి కలపాలి, ఆవు లేని రైతు ఒంటరిగా ఎక్కడికి పరుగెత్తుతాడు?

మీ పక్కనే దుగ్గొండి మండలం తిమ్మంపేట ఉంది కదా, చపాట మిర్చికి జీఐ (ఫలానా ప్రాంతపు సరుకు అని చెప్పే భౌగోళిక సూచిక) గుర్తింపు కోసం దరఖాస్తు పెట్టింది అక్కడి మిర్చి రైతుల కంపెనీయే, 2025లో వచ్చింది కూడా. జీఐకీ ఆర్గానిక్‌కీ సంబంధం లేదు, కానీ రైతు ఒక్కడే తన పేరున అడిగితే చట్టం ఆ గుర్తింపు ఇవ్వదు.

ఇక డబ్బులు. తూకం వేసేది ఒకరు, పైసలు పంచేది ఇంకొకరు, నెలకోసారి లెక్క అందరి ముందు చదవాలి. దీనికి ఒప్పుకోని మనిషిని అధ్యక్షుడిని చేయకండి.

ప్రశ్న: జనగామ దగ్గర మేం నలభై మంది మహిళలం. తలా రెండు వేలు వేసి కంపెనీ పెడితే సర్కారు అంతే కలుపుతుందని ఒకాయన చెప్తున్నాడు. వేయమంటారా?

జవాబు: ఆగండమ్మా. ఆయన చెప్పేది 2020లో మొదలైన 10 వేల ఎఫ్‌పీఓల (రైతు ఉత్పత్తిదారుల సంస్థల) పథకం. సభ్యురాలికి 2,000 వరకు కలిపే మాట నిజమే, కానీ మన మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది ఉండాలి, పైగా ఆ పది వేల లెక్క 2025 ఫిబ్రవరిలోనే నిండింది. పథకం లేకుండా ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకోవాలంటే చట్టం ప్రకారం పది మంది చాలు, ఎన్ని షేర్లున్నా మనిషికి ఒకటే ఓటు, అది మంచిదే. కాకపోతే పూర్తికాలం సీఈవో, ఏటా ఆడిట్, మీటింగులు తప్పవు, సరుకు సరిపడా లేకుంటే మీ రెండు వేలు ఆ జీతాలకే పోతాయి. ఈ వానాకాలం కందులో పెసలో ఏదో ఒక్క పంట కలిసి అమ్మి చూడండి, అమ్మకం చిట్టీలు దాచిపెట్టి అప్పుడు మళ్లీ రాయండి.