ర్యాంపు కోసం అర్జీ పెట్టిన అమ్మాయి లా చదువుతానంటోంది, ఏం చేయాలి?

నల్గొండ జిల్లా నుంచి ఒక తండ్రి పంపిన ప్రశ్న ఇది, కాస్త కుదించి ఇస్తున్నాను. "మా అమ్మాయి ఇంటర్ సీఈసీ సెకండియర్. చిన్నప్పటి నుంచీ వీల్‌చైరే. పోయినేడు మా ఊరి లైబ్రరీకి ర్యాంపు లేదని ప్రజావాణిలో అర్జీ పెట్టింది. నాలుగుసార్లు తిరిగాక కట్టారు. అదీ సరిగ్గా లేదని మళ్లీ అర్జీ పెట్టింది. ఇప్పుడు లా చదివి ఇదే పని చేస్తానంటోంది. డిగ్రీ చేసి బ్యాంకు పరీక్షలు రాస్తే కోటాలో ఉద్యోగం వస్తుంది కదా, ఈ గొడవలన్నీ ఎందుకని నేనంటున్నా. బయటికెళ్లాలంటే ఎలాగూ నేనో వాళ్లన్నో ఎత్తుకుని తీసుకెళ్తాం, తనకే ఇబ్బందీ లేదు."

అన్నగారూ, రేపు మనం లేకపోతే ఈ పిల్ల సంగతేంటి అన్న మీ టెన్షన్ నాకు అర్థమైంది. కానీ మీ చివరి మాట దగ్గర ఆగిపోయాను. పదిహేడేళ్ల అమ్మాయిని నలుగురూ చూస్తుండగా అన్న చేతుల మీద మెట్లెక్కిస్తుంటే తనకే ఇబ్బందీ లేదని మీకెవరు చెప్పారు? తనని అడిగారా? ఒక్కసారి అడగండి, ఆ అర్జీ ఎందుకు పెట్టిందో తనే చెబుతుంది.

మీరు పంపిన ఫొటో, ఆ రెండో అర్జీ కాపీ రెండూ చూశాను. అర్జీలో ఒక్క తిట్టు లేదు, ఏడుపు లేదు, టేపు పెట్టి కొలిచి రాసింది. మూడు మెట్ల ఎత్తు కలిపి 18 అంగుళాలు, ర్యాంపు పొడవు 5 అడుగులు, పట్టుకోవడానికి రెయిలింగ్ లేదు. మామూలుగా పాటించే లెక్క ఒకటికి పన్నెండు, అంటే అంగుళం ఎత్తుకి అడుగు పొడవు. ఆ లెక్కన 18 అడుగులు ఉండాలి. ఐదడుగుల్లో కట్టినదాని మీద వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లు ఒంటరిగా ఎక్కలేరు, దిగేటప్పుడు బోర్లా పడినా పడొచ్చు. వికలాంగులు వాడుకోగలరో లేదో ఇలా కొలిచి చూసే పనికి యాక్సెసిబిలిటీ ఆడిట్ అని పేరు, దీన్నే వృత్తిగా చేసి బతుకుతున్నవాళ్లున్నారు. మీ అమ్మాయి ఎవరూ నేర్పకుండానే మొదలుపెట్టింది.

ఇక కోటా. అది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 1995 చట్టంలో 3 శాతం రిజర్వేషన్ వచ్చింది, కానీ వికలాంగులకు పనికొస్తాయని గుర్తించిన పోస్టుల వరకే ఆ శాతం లెక్కగట్టడంతో దక్కేవి చాలా తగ్గిపోయేవి. ఎస్.కె. రుంగ్టా అని ఢిల్లీలో చూపు లేని లాయర్, అంధుల జాతీయ సమాఖ్య తరఫున ఏళ్ల తరబడి వాదించారు. మొత్తం ఖాళీల మీద లెక్కగట్టాల్సిందేనని 2013 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. 2016 చట్టంతో అది 4 శాతమైంది. మీరు సేఫ్ అనుకుంటున్న ఆ బ్యాంకు సీటు, మీ అమ్మాయి చేస్తానంటున్న "గొడవ" వల్లే వచ్చింది.

పైగా లా చదివితే బ్యాంకు దారి మూసుకుపోదు. లా డిగ్రీతోనూ బ్యాంకు ఆఫీసర్ (పీవో) పరీక్ష రాయొచ్చు, బ్యాంకుల్లో లా ఆఫీసర్ పోస్టులు వేరే ఉంటాయి, వాటికి అడ్వకేటుగా ఎన్‌రోల్ అయి ఉండాలి. కాబట్టి ఇంటర్ అవగానే ఐదేళ్ల లా కోర్సే నా సలహా. జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్, మన రాష్ట్ర పరీక్ష లాసెట్ రెండూ రాయించండి. క్లాట్ పూర్తిగా ఇంగ్లిష్‌లో ఉంటుంది, పెద్ద పేరాలు చదివి జవాబివ్వాలి. తెలుగు మీడియం పిల్ల అయితే ఈ రోజు నుంచే రోజూ గంటసేపు ఇంగ్లిష్ పేపర్ చదవాలి, ఇందులో దగ్గరి దారి లేదు. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు తగ్గకుండా 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లకు ఇవ్వాలని 2016 చట్టం చెబుతోంది. వైకల్యానికి ఆధారంగా చూపే సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు రెండిట్లోనూ పేరు, పుట్టినతేదీ టెన్త్ మెమోలో ఉన్నట్టే ఉన్నాయో లేదో ఈ వారమే చూసుకోండి.

పరీక్ష గది గ్రౌండ్ ఫ్లోర్‌లో కావాలని నిర్వాహకులకు ముందే రాతపూర్వకంగా అడగండి. నా దగ్గరికొచ్చే ఒక అబ్బాయి అడగలేదు. తీరా వెళ్తే రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు, ఇద్దరు అటెండర్లు కుర్చీతో సహా మోసుకెళ్లారు. మొదటి ఇరవై నిమిషాలు చేతులు వణుకుతూనే ఉన్నాయన్నాడు. ఆ మాట గుర్తొస్తే నాకిప్పటికీ కోపమొస్తుంది.

షామీర్‌పేటలోని నల్సార్ లా యూనివర్సిటీ గురించి తప్పకుండా తెలుసుకోమనండి. అక్కడి వైకల్య అధ్యయన కేంద్రం ఇచ్చిన రిపోర్టు ఆధారంగానే 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు పెద్ద తీర్పిచ్చింది. యాక్సెసిబిలిటీ ప్రమాణాలు సలహాల్లా ఉంటే కుదరదు, తప్పక పాటించాల్సిన నిబంధనలు కావాలంది. ఆ తీర్పు కూర్చుని చదవమనండి, తన లైబ్రరీ అర్జీకీ అది పనికొస్తుంది.

డబ్బు సంగతి దాచను. జూనియర్ లాయర్‌గా మొదటి రెండు మూడేళ్లు చేతికొచ్చేది తక్కువ, మీరు నిలబడాల్సింది అప్పుడే. కోర్టుల్లోనూ మెట్లుంటాయి. అయితే కోర్టు ఒక్కటే దారి కాదు. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు బ్యాంకు ఖాతాల డిజిటల్ కేవైసీ, అంటే ఆన్‌లైన్‌లో గుర్తింపు చూపే పద్ధతి, వికలాంగులతో సహా అందరూ వాడగలిగేలా ఉండాలని ఆదేశించింది, అదే ఏడాది జూన్ 28 నుంచి యూరప్‌లో యాక్సెసిబిలిటీ చట్టం అమల్లోకొచ్చింది. అక్కడి క్లయింట్లకు పనిచేసే కంపెనీలు యాప్‌లు, వెబ్‌సైట్లు పరీక్షించే మనుషుల్ని పెట్టుకోక తప్పదు. లా చదువుతూనే ఈ యాక్సెసిబిలిటీ పనికి ఇచ్చే సీపీఏసీసీ అనే అంతర్జాతీయ సర్టిఫికేషన్‌కు తయారైతే ఆ వైపూ వెళ్లొచ్చు.

కాలేజీ ఖాయం చేసే ముందు బ్రోచర్ నమ్మకుండా వీల్‌చైర్‌తో వెళ్లి చూడండి. ముఖ్యంగా హాస్టల్ బాత్రూమ్ తలుపు. 90 సెంటీమీటర్ల వెడల్పు లేకపోతే మార్చమని చేరకముందే రాసివ్వండి, చేరాక ఎవరూ పట్టించుకోరు.

వచ్చే సోమవారం ప్రజావాణికి మీరూ వెళ్లండి, కానీ పక్కన కూర్చోండి, మాట్లాడటం తనకు వదిలేయండి. అక్కడ పని కాకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు తనే రాయొచ్చు. ర్యాంపు మళ్లీ కట్టేటప్పుడు మేస్త్రీ దగ్గర తనని ఉంచండి. పైన తలుపు ముందు వీల్‌చైర్ తిరగడానికి ఐదడుగుల చదును జాగా వదలాలి, చాలామంది మర్చిపోయేది అదే.