గవ్వలు వంకరగా వచ్చినా పళ్లెంలో వెయ్యండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా సంక్రాంతి సెలవుల గురించే. పిల్లలు ఇంట్లో ఉంటారు, ఏం చేయించాలి అని. వంటింటికి సంబంధించినవి నాలుగు ఏరి జవాబులు రాస్తున్నాను.

అక్కా, మాది విజయవాడ సత్యనారాయణపురం. బాబుకి 9 ఏళ్లు, పాపకి 5. సెలవులిచ్చారంటే ఇద్దరూ ఫోన్ కోసం కొట్టుకోవడమే పని. పోయినసారి వీడియో చూసి కుక్కర్లో కేకు చేయిద్దామని కూర్చోబెడితే పది నిమిషాల్లో లేచిపోయారు, గిన్నెలన్నీ నేనే తోముకున్నాను, కేకు అడుగంటింది. ఈసారి అత్తగారు కూడా వస్తున్నారు, పిండివంటల దగ్గర పిల్లలేంటి అంటారేమోనని టెన్షన్. తేలికైనది ఏదైనా చెప్పండి.

కేకు అడుగంటింది సరే, అసలు అందులో పిల్లలకి పనేముందో చెప్పండి. గరిటె నాలుగు తిప్పులు తిప్పారు, అయిపోయింది. తర్వాత ముప్పావుగంట కుక్కరు వంక చూస్తూ కూర్చోవాలి, మూత కూడా తియ్యకూడదు. వాళ్లు లేచిపోవడంలో తప్పేం లేదు, నేనైనా లేచిపోతాను. పిల్లలకి చేతినిండా పని ఉండాలి, చేసింది చేసినట్టు ఎదురుగా కనపడాలి. అందుకే గవ్వలు చేయించండి.

2 కప్పుల గోధుమపిండి, 2 చెంచాల బొంబాయి రవ్వ, చిటికెడు ఉప్పు, 3 పెద్ద చెంచాల వేడి నెయ్యి. మైదా అయితే ఇంకా గుల్లగా వస్తాయి, పండక్కి ఒక్కసారికి ఏం కాదు. నెయ్యి పోసేది మీరు, కాస్త చల్లారాక పిండికి పట్టించేది పిల్లలు. పిడికిట్లో పిండి తీసుకుని నొక్కితే ముద్దలా నిలబడితే నెయ్యి సరిపోయినట్టు. మీ బాబు ఎందుకమ్మా అని అడుగుతాడు, 9 ఏళ్లవాళ్లు తప్పకుండా అడుగుతారు. నెయ్యి పిండికి పట్టేస్తే నీళ్లు పోసినప్పుడు లోపల బంక తక్కువ తయారవుతుంది, అందుకే చపాతీలా సాగకుండా కరకరలాడుతుంది అని చెప్పండి. నీళ్లు చిలకరిస్తూ గట్టిగా కలిపి తడిబట్ట కప్పి అరగంట వదిలేయండి.

గవ్వల చెక్క లేకపోతే కొత్త దువ్వెన చాలు, ఫోర్కు వెనకవైపైనా పనికొస్తుంది. పాప బఠాణీ గింజంత ఉండలు చేస్తుంది, బాబు చెక్క మీద పెట్టి బొటనవేలితో నొక్కుతూ ముందుకి తోస్తాడు. వేలి కింద పిండి పలచబడి దానంతటదే వెనక్కి చుట్టుకుంటుంది. గట్టిగా నొక్కితే చెక్కకి అంటుకుపోతుంది, మెల్లగా నొక్కితే చుట్టుకోదు. మొదటి పది పాడవుతాయి. పదకొండోది చుట్టుకున్నప్పుడు వాడి మొహం చూడండి, ఇక ఫోన్ ఎక్కడుందో కూడా అడగడు, కనీసం ఆ గంటసేపు.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్తాను. మా అమ్మాయి చిన్నప్పుడు అది చేసిన గవ్వల్ని నేను వెనకనించి తీసి మళ్లీ చుట్టి పళ్లెంలో పెట్టేదాన్ని, చూడట్లేదులే అనుకునేదాన్ని. ఒకరోజు చూసింది. "అయితే అన్నీ నువ్వే చేసుకో" అని చేతులు కడుక్కుని వెళ్లిపోయింది, మళ్లీ రెండేళ్లు గవ్వల చెక్క ముట్టలేదు. కాబట్టి వంకరవి వంకరగానే వేయించండి. ఒక్క లావుగా ఉన్నవాటిని మాత్రం కాస్త నొక్కి పలచన చెయ్యమని వాళ్లకే చెప్పండి, లేకపోతే లోపల పచ్చిగా ఉండిపోతాయి. మంట మధ్యస్తంగా ఉండాలి. వేయించేది పెద్దవాళ్లే, అందులో మొహమాటం లేదు.

పాకం దగ్గర మాత్రం పిల్లల్ని పొయ్యికి దూరంగా, ఒక పళ్లెం చల్లటి నీళ్ల ముందు కూర్చోబెట్టండి. కప్పు బెల్లానికి పావు కప్పు నీళ్లు. కరిగాక వడగట్టి మళ్లీ పొయ్యి మీద పెట్టి, మరుగుతుంటే చెంచాతో ఒక్కో చుక్క తెచ్చి పళ్లెంలో వెయ్యండి, వాళ్లు వేలితో చూసి చెప్తారు. మొదటి చుక్క నీళ్లలో కరిగిపోతుంది. తర్వాతది జిగురుగా సాగుతుంది. ఇంకాసేపటికి మెత్తటి ఉండ అవుతుంది, అది అరిసెల పాకం. ఇంకా ఉంచితే ఉండ గట్టిపడి పళ్లెం అంచుకి కొడితే టంగుమంటుంది. మన గవ్వలకి అదీ పాకం. నీళ్లు ఆవిరైపోయేకొద్దీ పాకం ముదురుతుంది, అంతే సంగతి. పాకం మరిగే నీళ్లకంటే వేడిగా ఉంటుంది, పైగా చర్మానికి అంటుకుంటుంది, అందుకే ఇంత చెప్పడం. పొరపాటున ఎవరికైనా అంటుకుంటే కుళాయి కింద 20 నిమిషాలు చల్లటి నీళ్లు పడనివ్వండి, టూత్‌పేస్టు వద్దు, ఐసూ వద్దు. బొబ్బలెక్కితే డాక్టరుకి చూపించాల్సిందే.

మీ అత్తగారి సంగతా? "పాకం వచ్చిందో లేదో మీరే చెప్పాలి అత్తయ్యా, నాకు అంత తెలీదు" అనండి. ఆ టంగుమనే చప్పుడు ఆవిడ పిల్లలకి వినిపిస్తున్నప్పుడు మీరు కాఫీ తాగొచ్చు.

మాది గుంటూరు కొరిటెపాడు. పండక్కి హైదరాబాదు నుంచి మా మనవరాలు వస్తుంది, 7 ఏళ్లు. పోయినేడాది ఎండుమిరపకాయలకి తొడిమలు తీస్తానని నా పక్కన కూర్చుని, ఆ చేత్తోనే కళ్లు నలుపుకుంది. కోడలు ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. ఈసారి దాంతో ఏం చేయించమంటారు?

గుంటూరు పిల్ల అన్నాక ఎప్పుడో ఒకప్పుడు ఆ మంట తప్పదు పిన్నిగారూ, కానీ ఈ ఏడు మిరపకాయల జోలికి వద్దులెండి. మీకు మాత్రం ఒకటి చెప్తాను. కారం నీళ్లలో సరిగ్గా కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకని చేతులకి ముందు నూనె రాసి తుడిచేసి తర్వాత సబ్బుతో కడగాలి. కంట్లో పడితే మాత్రం నూనె గీనె వద్దు, మంచినీళ్లతో బాగా కడుగుతూ ఉండటమే. నోరు మండితే పాలో పెరుగో.

ఆ పిల్ల చేత వెన్న తీయించండి. వచ్చే ముందు అయిదారు రోజుల మీగడ ఫ్రిజ్‌లో పోగుచేసి, ముందురోజు రాత్రి చెంచాడు పెరుగు వేసి తోడెయ్యండి. వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బాలో సగానికి మాత్రమే పోసి, కాసిని చల్లటి నీళ్లు కలిపి, మూత బిగించి చేతికివ్వండి. కవ్వం మీరు పట్టుకోండి, అది డబ్బా ఊపుతుంది, ఎవరికి ముందొస్తుందో పందెం. ముందు గలగలమంటుంది, తర్వాత మీగడ చిక్కబడి చప్పుడే ఉండదు, సరిగ్గా అప్పుడే పిల్లలు చెయ్యి నొప్పి అని వదిలేస్తారు, వదలనివ్వకండి. ఇంకాసేపటికి లోపల ఏదో ముద్ద దభీమని తగులుతుంది. మీగడలో ఉండే కొవ్వు బొట్లు ఒకదాన్నొకటి గుద్దుకుని అతుక్కుంటేనే ఆ ముద్ద. చల్లటి నీళ్లలో కడిగి, వేడి అట్టు మీద వెయ్యండి. మిగిలింది కాచేటప్పుడు గోకుడు దానికే ఇస్తానని ముందే మాటివ్వండి.

సార్ అనాలో మేడమ్ అనాలో తెలీదు. నాది పటమట. మా ఆవిడకి పండగ రోజుల్లో కూడా డ్యూటీ. నాలుగేళ్ల పాప, నేను. నాకు టీ తప్ప ఏదీ పెట్టడం రాదు.

మేడమే. పొయ్యి ముట్టకండి. అటుకులు జల్లెట్లో పోసి కుళాయి కింద తడిపి అయిదు నిమిషాలు వదిలేస్తే మెత్తబడతాయి, అందులో బెల్లం తురుము, కొబ్బరి తురుము వేసి పాపని రెండు చేతులతో కలపమనండి. తురిమేది మీరు. సగం కింద పడుతుంది, ముందే పాత దుప్పటి పరిచి కూర్చోండి.

భోగి రోజు సాయంత్రానికి భోగిపళ్లు కూడా పాప చేతే సిద్ధం చేయించొచ్చు. రేగుపళ్లు కడగడం, బంతిపూల రెక్కలు తుంచడం, చిల్లర కలపడం. అయితే రేగుగింజ, నానబెట్టిన శనగలు, చెరకు ముక్క, చిల్లర, ఇవన్నీ ఆ వయసు పిల్లలకి గొంతుకి అడ్డం పడేవే, అందుకని నోట్లోకి ఏం వెళ్తోందో చూస్తూ ఉండండి. ఫోన్ పక్కన పెట్టాల్సింది ఇక్కడ మీరే.

మా బాబు జంతికల పిండి కలుపుతుంటే పచ్చిదే తినేస్తున్నాడు. మావారు కూడా. ఏమైనా అవుతుందా? గుంటూరు, బ్రాడీపేట.

పచ్చిపిండి తినకూడదు. పిండి అంటే ఉడికించింది కాదు కదా, అందులో క్రిములుండొచ్చు, నూనెలో వేగితేనే చస్తాయి. వద్దంటే వినే వయసు కాదు గనక, పిండి కలిపేటప్పుడు పక్కనే ఒక గిన్నెలో పుట్నాలపప్పు, బెల్లం ముక్క పెట్టండి, చెయ్యి అటు పోతుంది. మీవారికి ఇంకో గిన్నె పెట్టండి, లేకపోతే బాబుది తినేస్తారు.