పల్స్ లోపల ఏం జరుగుతోందో రాయి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. లేజర్ పల్స్, అంటే అతి కొద్దిసేపే ఉండే కాంతి మెరుపు, పరమాణువుల మధ్యలోంచి ఎలా వెళ్తుందో రాసిన నీ వ్యాసం అందింది, నిదానంగా చదివాను. లేజర్ గురించి తెలుగులో రాసేవాళ్ళు ఎక్కువమంది కంటి ఆపరేషన్ దగ్గరో, లోహాలు కోయడం దగ్గరో ఆగిపోతారు. నువ్వు నేరుగా పరమాణువు దగ్గరికే వెళ్ళావు. నాకు చాలా సంతోషం కలిగింది. అందుకే ఉత్తరం కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

ముందుగా, 2018 నోబెల్ బహుమతితో మొదలైన ఆ పేరా తీసెయ్యి. జెరార్ మూరూ, డోనా స్ట్రిక్‌లాండ్‌లకు బహుమతి వచ్చింది పొట్టి పల్స్‌ను బాగా బలంగా తయారుచేసే పద్ధతికి. నువ్వు రాస్తున్నది వేరు. పల్స్ తయారయ్యాక, తన తరంగదైర్ఘ్యానికి సరిగ్గా స్పందించే పరమాణువుల మధ్యలోంచి అది వెళ్తే ఏమవుతుందన్నది నీ విషయం. దాన్ని 1967 నుంచి మొదలుపెట్టు. ఆ ఏడాది అమెరికాలో శామ్యూల్ మెకాల్, ఎర్విన్ హాన్ చల్లబరిచిన కెంపులోకి కెంపు లేజర్ పల్స్‌ను పంపారు. మామూలు లెక్కయితే కెంపు ఆ కాంతిని మింగెయ్యాలి. బలహీనమైన పల్స్‌ను మింగేసింది కూడా. ఒక హద్దు దాటిన పల్స్ మాత్రం పెద్దగా నష్టపోకుండా అవతలికి వచ్చింది, కాకపోతే ఆలస్యంగా.

ఆ ఆలస్యాన్ని నువ్వు ఒక్క ముక్కలో దాటేశావు. నా అభ్యంతరమంతా అక్కడే. “పరమాణువులు కాంతిని శోషిస్తాయి” అని ఒక వాక్యం, వెంటనే “మాధ్యమం పారదర్శకమవుతుంది” అని ఇంకో వాక్యం. చదివేవాడు మొదటిది నమ్మితే రెండోది ఎలా నమ్ముతాడు? అసలు విషయమంతా ఆ రెండు వాక్యాల మధ్యే ఉంది. ఇలాంటివి రాసేటప్పుడు ప్రతి క్షణానికీ ఒకే ప్రశ్న వేసుకో: ఇప్పుడు శక్తి ఎక్కడుంది?

పల్స్ ముందు సగం వచ్చింది. భూస్థాయిలో, అంటే అతి తక్కువ శక్తితో ఉన్న పరమాణువులు దాని శక్తి తీసుకుని పైస్థాయికి లేస్తాయి. సరైన బలమున్న పల్స్ అయితే, దాని శిఖరం చేరేసరికి అనునాదంలో ఉన్న, అంటే ఆ తరంగదైర్ఘ్యానికి సరిగ్గా స్పందించే పరమాణువు పూర్తిగా పైకి చేరి ఉంటుంది. ఇక వెనక సగం వస్తుంది. అదే కాంతి ఇప్పుడు పరమాణువును కిందికి దించుతుంది, దాచిన శక్తి తిరిగి పల్స్‌లోనే కలుస్తుంది. ముందు సగం చేబదులు ఇచ్చింది, వెనక సగం వసూలు చేసుకుంది. ఈ పోలిక వాడుకో, కానీ అది ఎక్కడ తెగుతుందో కూడా చెప్పు. చేబదులు ఎప్పుడు తీర్చినా చెల్లుతుంది. పరమాణువు మాత్రం కాంతితో తాళం తప్పకముందే తీర్చాలి. రుబీడియం అనే లోహపు పరమాణువు 780 నానోమీటర్ల కాంతితో లేచే పైస్థాయి ఆయుష్షు సుమారు 26 నానోసెకండ్లు (నానోసెకండు అంటే సెకండులో వందకోట్లో వంతు). అందుకే అక్కడ పల్స్ కొద్ది నానోసెకండ్లలో ముగియాలి. ఈ అంకె నీ వ్యాసంలో ఎక్కడా లేదు. అది లేకపోతే “పొట్టి పల్స్” అన్న మాటకు అర్థమే లేదమ్మా, దేనితో పోలిస్తే పొట్టి?

ఆలస్యాన్ని కూడా అంకెలతోనే చూపించు. ఒక నానోసెకండు పల్స్ శూన్యంలో 30 సెంటీమీటర్ల పొడవుంటుంది. మాధ్యమంలో దాని వేగం నూరో వంతుకు పడిపోయిందనుకో, పొడవు 3 మిల్లీమీటర్లకు కుదించుకుపోతుంది. అప్పుడు ప్రయాణిస్తున్న శక్తిలో 99 శాతం ఏ క్షణాన చూసినా పరమాణువుల దగ్గరే ఉంటుంది, కాంతి రూపంలో ఉండేది ఒక్క శాతమే. వేగం ఎంత తగ్గితే అంత ఎక్కువ శక్తి పరమాణువుల్లో ఉన్నట్టు. ఇది రాస్తే ఆలస్యం ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

పల్స్ “వైశాల్యం” గురించిన భాగం బాగా రాశావు. విద్యుత్ క్షేత్రం బలాన్ని పల్స్ నడిచే కాలమంతా కూడితే వచ్చేది, దాన్ని కోణంగా కొలిస్తే π (పై) అయితే పరమాణువు పైస్థాయికి లేచి ఆగుతుంది, రెండు పైలు అయితే లేచి దిగుతుంది. π కంటే తక్కువ వైశాల్యంతో బయల్దేరితే అది పోనుపోను సున్నాకు పడిపోతుంది, వైశాల్యం π, మూడు πల మధ్య ఉంటే రెండు పైల దగ్గర కుదురుకుంటుంది. నాలుగు పైల పల్స్ రెండు పల్స్‌లుగా చీలిపోతుంది. ఇలా చీలడాన్ని గిబ్స్, స్లషర్ రుబీడియం ఆవిరిలో చూసి 1970లో ప్రచురించారు. ఆ ప్రయోగానికి కనీసం ఒక పేరా ఇవ్వు. సిద్ధాంతం చెప్పింది ఓ గాజు గొట్టంలోని ఆవిరిలో కంటికి కనబడిన సందర్భం అది.

కానీ “వైశాల్యం సున్నా అయింది కాబట్టి కాంతి అంతా పోయింది” అన్నావే, అది తప్పు. మరీ పొట్టి, బలహీనమైన పల్స్ వెనక ఒక తోక పెరుగుతుంది. అందులో క్షేత్రం దిశ మారుతూ ఉంటుంది. ప్లస్సులూ మైనస్సులూ కూడితే వైశాల్యం సున్నా, శక్తి మాత్రం చాలావరకు మిగిలే ఉంటుంది. 1970లో క్రిస్ప్ అనే భౌతికశాస్త్రవేత్త ఇది లెక్కగట్టి చూపించాడు. 100 ఫెమ్టోసెకండ్ల పల్స్ తీసుకో (ఫెమ్టోసెకండు నానోసెకండులో పదిలక్షో వంతు). 780 నానోమీటర్ల దగ్గర దాని వర్ణపటం ఆరేడు నానోమీటర్లు పరుచుకుని ఉంటుంది, రుబీడియం గీత, అంటే ఆ పరమాణువు మింగే సన్నని తరంగదైర్ఘ్యాల పట్టీ, దాని ముందు వెంట్రుకవాసి కూడా కాదు. అంత వెడల్పులో పరమాణువుకు పట్టేది కొద్దిగానే, మిగతాది దాటిపోతుంది. కాబట్టి “పల్స్ ఎంత పొట్టిదైతే అంత మంచిది” అన్న నీ చివరి వాక్యం కూడా కొట్టెయ్యి.

సమీకరణాలు ఉంచాలా అని అడిగావు. వైశాల్యానిది ఒక్కటి ఉంచు, మిగతావి వద్దు. ముందుగా నీ వ్యాసంలో మూడో పేరా ఒక్కటే తిరగరాసి పంపు: పల్స్ ముందు అంచు తాకిన క్షణం నుంచి వెనక అంచు దాటేదాకా ఒకే ఒక్క రుబీడియం పరమాణువుకు ఏం జరిగిందో, వరసగా. అది చూశాక మిగతా వ్యాసం గురించి మాట్లాడుకుందాం.