దుస్తుల చిత్రం గురించి రాసేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

రంగస్థల నటి దుస్తుల కోసం నీటిరంగులతో వేసిన చిత్రం మీద నీవు పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. నీ కన్ను చురుకైనది. అయితే ఆ కాగితాన్ని గోడకు తగిలించే చిత్తరువుగానే చూశావు. అది కుట్టేవారి కోసం పుట్టింది. అంచుల్లో పెన్సిలుతో రాసిన గుడ్డల పేర్లు, గుండుసూదితో గుచ్చిన నమూనా ముక్క, వీపు వైపు కుట్టు ఎలా ఉండాలో చూపే చిన్న గీత ఉంటే ముందు వాటినే చదువు. వాటికి నీ వ్యాసంలో ఒక్క వాక్యమైనా దక్కలేదు.

తరువాత కుంచె పనిని చూడు. నీటిరంగులో వెలుగు కాగితపు తెలుపు నుంచే వస్తుంది కనుక, తడి మీద పాకిన పలుచని రంగు ఒంటిమీద తేలే సన్నని వస్త్రాన్ని, దాదాపు పొడి కుంచెతో ఈడ్చిన గీత ముతక నేతను తలపింపజేస్తాయి. 1910లో పారిస్‌లో తొలిసారి ప్రదర్శించిన 'ఫైర్‌బర్డ్' బ్యాలే నృత్యనాటకంలో నర్తకి తమారా కర్సావినా కోసం దుస్తులు రూపొందించిన రష్యన్ చిత్రకారుడు లెయోన్ బాక్స్ట్ చిత్రాలను శ్రద్ధగా పరిశీలించు. ఆయన నర్తకిని కదలికలోనే ఊహించాడు. నడుము తిరిగితే అంచు ఎటు ఎగురుతుందో బొమ్మలోనే తెలుస్తుంది. నీవు కూడా అలాగే అడగాలి: దుస్తులకు ఇలాంటి చేతులు కుడితే నటి చేయి పైకెత్తగలదా, ఈ బిగింపులో ఊపిరి తీసుకుని సంభాషణ పలకగలదా, రెండు దృశ్యాల మధ్య దీన్ని ఎంత త్వరగా మార్చుకోగలదు? ఎర్రని వస్త్రం ఆకుపచ్చని దీపకాంతిలో నల్లబడుతుందన్న సంగతి కూడా మరువకు.

రంగులకు అర్థం చెప్పే ముందు మాత్రం ఆగు. నా తొలి వ్యాసాల్లో ఒకదానిలో, వెలిసిన ఊదారంగును కళాకారుడు ఎంచుకున్న బూడిదరంగుగా భావించి, అందులో పాత్ర దుఃఖాన్ని చూసి ఒక పేజీ నింపాను. కొన్ని రంగులు వెలుతురుకు త్వరగా వెలిసిపోతాయి. మ్యూజియాలు ఇటువంటి కాగితాలను సుమారు 50 లక్స్ (వెలుతురు కొలమానం) మసక వెలుతురులో కొద్ది కాలమే ప్రదర్శించేది అందుకే. ఫ్రేము అంచు కింద దాగిన చోట అసలు రంగు మిగిలి ఉండవచ్చు, అక్కడ వెతుకు.

నీ మొదటి పేరాలోని విశేషణాలన్నీ తీసివేసి, భుజం దగ్గరి కుట్టుతో ప్రారంభించి మళ్ళీ రాసి పంపు. ఎదురుచూస్తుంటాను.