దసరా సెలవుల్లో రెండు రోజులు ములుగు వైపు వెళ్తే ఏం చూడాలి?

హైదరాబాద్ నుంచి సొంత కారులో వస్తున్నాం, ఇద్దరు చిన్న పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న నాన్నగారు, వరంగల్ కోట, వేయిస్తంభాల గుడి ఇదివరకే చూసేశాం, ములుగు జిల్లాలో ఏమేం చూడొచ్చు అని అడిగారు. మీరు రాసుకున్న పట్టికలో ఎనిమిది పేర్లున్నాయి. ముందు అందులో సగం కొట్టేయండి.

మాది హన్మకొండ. మా అక్కను గోవిందరావుపేట దగ్గర ఇచ్చాం. ఇరవై ఏళ్లుగా ఆ రోడ్డు మీద బస్సులో, బండి మీద, కారులో తిరుగుతూనే ఉన్నా. ఇంటికి ఏ చుట్టం వచ్చినా తీసుకెళ్లి చూపించే డ్యూటీ నాదే. అందుకని ఎక్కడ టైం వృథా అవుతుందో నాకు కాస్త తెలుసు.

మొదటి రోజు పొద్దుగాల ఆరింటికే హన్మకొండలో బయల్దేరండి. ములుగు రాకముందే గట్టమ్మ తల్లి గుడి వస్తుంది. మేడారం పోయే బండ్లన్నీ అక్కడ ఆగి, అమ్మకు మొక్కి కదులుతాయి. మీరూ ఆగండి. ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్ దగ్గర ఎడమకు తిరిగితే వెంకటాపూర్ మీదుగా పాలంపేట. అదే రామప్ప. హన్మకొండ నుంచి దాదాపు డెబ్బై కిలోమీటర్లు.

ఎండ ముదరకముందే గుడిలో ఉండాలి. ఎర్ర ఇసుకరాయి కదా, పొద్దుటి వెలుగులో ఉన్నట్టు మధ్యాహ్నం ఉండదు. పైగా చెప్పులు బయట విప్పి రావాలి, పదకొండు దాటితే బండలు కాల్తాయి. కాకతి గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి ఇది. కట్టించిన వాడి పేరు కాక, చెక్కిన శిల్పి పేరు నిలబడిపోయిందని మా దగ్గర గొప్పగా చెప్పుకుంటాం. 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది, తెలంగాణ నుంచి మొదటిది.

ఒక గైడ్‌ను మాట్లాడుకోండి. ఆ డబ్బు దగ్గర పిసినారితనం వద్దు. గైడ్ లేకపోతే పావుగంటలో 'బాగుంది' అనేసి బయటికొచ్చేస్తారు. చూరు కింద నల్లరాతి మదనికలు, అంటే నాట్యకత్తెల శిల్పాలు ఉంటాయి. అందులో ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులు చూపిస్తాడు, పిల్లలు అక్కడే ఆగిపోతారు. లోపల ఒక శిల్పాన్ని వేలితో మీటుతూ పోతే స్వరాలు వేరువేరుగా పలుకుతాయి. స్తంభం మీది నగిషీలో సూది మాత్రమే దూరేంత సన్నని సందులుంటాయి. మా మేనకోడలు చిన్నప్పుడు అందులోకి చీపురుపుల్ల దూర్చబోయి వాచ్‌మన్‌తో తిట్లు తింది. నంది దగ్గర మాత్రం గైడ్‌ను కాసేపు మాట్లాడనివ్వకండి. చెవులు రిక్కించి, శివుడు పిలిస్తే లేచేటట్టు కూర్చుంటుంది, దానికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక అని అందరూ చెప్తారు. పునాది సంగతి అంతగా చెప్పరు. గుంత తవ్వి ఇసుక నింపి, దాని మీద గుడి లేపారు. భూమి కదిలితే ఆ అదురును ఇసుక మింగుతుందని లెక్క. 2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు హన్మకొండలో మా వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి. నేను మొదట బావకు ఫోన్ చేసి అక్క ఎలా ఉందని అడిగా, వెంటనే రామప్ప ఎలా ఉందని అడిగా. గుడి నిలబడే ఉంది.

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు. గుడి చూసి కారెక్కేయకండి, కిలోమీటరు దూరంలో చెరువుంది, ఆ కట్ట ఎక్కండి. నేను మొదటి ఐదారు సార్లు ఎక్కనే లేదు, ఏదో చెరువు అనుకున్నా. మా బావ రైతు. ఒకసారి 'గుడి చూసుడు అయ్యింది గదా, ఇగ గుడికి అన్నం పెట్టింది చూద్దువు రా' అని లాక్కెళ్లాడు. గుట్టల మధ్యన కట్ట వేసి నీళ్లు ఆపారు. అటువైపు అడవి, గుట్టలు, ఎటు చూసినా నీళ్లే. ఇటువైపు కట్ట కింద పొలం. గుడి కట్టించిన రుద్రుడే చెరువూ తవ్వించాడు, ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా ఆ నీళ్లతోనే వరి పండుతోంది. కాకతీయులు ఎక్కడ గుడి కట్టినా పక్కన చెరువుండేది. లక్నవరం, పాకాల, ఘనపురం అన్నీ ఆ కాలపువే. వానలు బాగా పడిన ఏడాది దసరాకు మత్తడి దుంకుతూ ఉంటుంది. ఆ చప్పుడు వింటూ తెచ్చుకున్న సద్ది అక్కడే విప్పండి. నాన్నగారికి మెట్ల బాధ లేదు.

మధ్యాహ్నం మెయిన్ రోడ్డుకు తిరిగొచ్చి, చల్వాయి దగ్గర కుడికి తిరిగితే లక్నవరం. దీని గురించి పెద్దగా రాయను, ఫోటోలు మీరు చూసే ఉంటారు. ఊగే వంతెన, దీవులు, పడవలు. పిల్లలకు మస్తు నచ్చుతుంది. ఆదివారం మాత్రం పెళ్లి పందిరిలా ఉంటుంది, వంతెన మీద సెల్ఫీల వాళ్లు కదలనివ్వరు. రాత్రి అక్కడే ఉంటే సాయంత్రం గుంపులు పోయాక చెరువు మీదవుతుంది. సెలవుల్లో గదులు ముందే బుక్ చేసుకోవాలి.

రెండో రోజు మేడారం. ఇక్కడి సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో వస్తుంది, అప్పుడు కాలు పెట్టే సందుండదు. దసరాకు వెళ్తే అమ్మవార్ల గద్దెల దగ్గర నింపాదిగా నిలబడొచ్చు. గుడి కోసం వెతక్కండి, గోపురం, విగ్రహం ఏమీ ఉండవు. జాతరప్పుడు కోయ పూజారులు చిలుకలగుట్ట నుంచి సమ్మక్కను కుంకుమ భరిణె రూపంలో తెస్తారు, కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తుంది. మొక్కు బెల్లంతో, దాన్ని బంగారం అంటారు. కొట్లో 'బంగారం ఎంత' అని అడిగితే పిల్లలు ముందు కంగారుపడతారు, తర్వాత నవ్వుతారు. కరువులో కప్పం కట్టలేమన్నందుకు కాకతీయ సైన్యం మీద పడితే తిరగబడి పోరాడిన తల్లీబిడ్డల కథ ఇది. సమ్మక్క కొడుకు జంపన్న పడిపోయిన సంపెంగ వాగే ఇప్పటి జంపన్న వాగు. నిన్న చూసిన గుడీ చెరువూ ఆ రాజ్యానివే అని పిల్లలకు చెప్పండి. ఒక్క రోజు తేడాతో రెండూ చూస్తే రెండూ ఇంకోలా కనిపిస్తాయి. అందుకే మేడారాన్ని రామప్ప తర్వాత పెట్టమంటున్నా.

బొగత జలపాతం మీ పట్టికలో అన్నిటికన్నా పైనుంది. ఏటూరునాగారం దాటి, ముల్లకట్ట వంతెన మీద గోదావరి దాటి, వాజేడు మండలం వెళ్లాలి. హన్మకొండ నుంచి దాదాపు 140 కిలోమీటర్లు. జూలై నుంచి సెప్టెంబర్ దాకా దాని అందమే వేరు, దసరాకు కూడా నీళ్లుంటాయి. నేను ఒకసారి మే నెలలో ఢిల్లీ నుంచి వచ్చిన బాబాయి కుటుంబాన్ని, 'తెలంగాణ నయాగరా' అని దారి పొడుగునా ఊరించి తీసుకెళ్లా. నల్లటి బండలు, మధ్యలో ఒక మడుగు, దాని ఒడ్డున రెండు కోతులు. పిన్ని ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా 'మీ నయాగరా ఎలా ఉంది నాయనా' అంటుంది. వానలెక్కువున్నప్పుడు ఇంకో తంటా: వాగులు రోడ్డెక్కుతాయి, నీళ్లలోకి దిగనివ్వరు. దిగొద్దంటే దిగకండి, సరదాకు చెప్పే మాట కాదది. మేడారంలో పొద్దున పదిలోపు పని అయిపోతేనే బొగత పెట్టుకోండి, లేకపోతే మానేయండి. తిరుగు ప్రయాణంలో తాడ్వాయి అడవి దారి చీకట్లో నడపడం కొత్తవాళ్లకు మంచిది కాదు, పశువులు అడ్డం వస్తాయి.

మల్లూరు నరసింహస్వామి గుట్ట మంచి చోటే, చింతామణి నీళ్లు కూడా తాగాలి. కానీ మెట్లున్నాయి, ఈసారికి వదిలేయండి. పాండవుల గుట్టలు నడక ఓపిక ఉన్నవాళ్లకు. కాళేశ్వరం విడిగా ఒక రోజు. ఘనపురం కోటగుళ్లు మాత్రం రామప్ప దగ్గర రెండు గంటలు మిగిలితే తప్పక చూడండి. ఒకే ప్రాకారంలో ఇరవైకి పైగా గుళ్లు, చాలావరకు శిథిలం, మనుషులుండరు. నాకైతే ఒక్కోసారి రామప్ప కన్నా అదే ఎక్కువ నచ్చుతుంది, మా ఆవిడ ఒప్పుకోదు.

ఇంకొకటి, తేదీలు చూసుకోండి. సద్దుల బతుకమ్మ నాడు సాయంత్రం నాలుగింటికల్లా హన్మకొండ చేరిపోండి. దారి పక్కన గునుగు పూలు కనపడితే ఆపి, పిల్లలతో నాలుగు కోయించండి. కారు మాత్రం బతుకమ్మ ఆడే పద్మాక్షి గుట్టకు దూరంగానే పెట్టి నడవండి, ఆ తర్వాత రాత్రి దాకా అది కదలదు.